పగిలి తీరాల్సిన డబ్బా

ఇరవై లీటర్ల నూనె డబ్బా ఎలా పడినా పగలదని అందరూ ఒప్పుకున్నాక, కాదు పగులుతుందని పట్టుబట్టే మనిషి ఒకరు ఉండనే ఉంటారు. ఈ డబ్బాల ఫ్యాక్టరీలో ఆ మనిషి అమ్మడు. అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. కంప్యూటర్‌లో డబ్బాలను పడేసి చూడటం ఆమె ఉద్యోగం, చేరి మూడు నెలలైంది.

గొడవంతా ప్లాస్టిక్ గుణం గురించే. ఆ గుణం ఎలాంటిదో కంప్యూటర్‌కి మనమే చెప్పాలి, దానికేం తెలుసు పాపం! ఎంత వేగంగా లాగినా ప్లాస్టిక్ ఒకేలా సాగుతుందని చెబితే డబ్బా భేషుగ్గా నిలిచింది. ఒక్క ఉదుటున లాగితే సాగకుండా తెగుతుందని చెబితే కింది మూల చీలింది. అమ్మడు ప్లాస్టిక్ పట్టీలను నెమ్మదిగా ఒకసారి, ఉదుటున ఒకసారి లాగించి చూసింది కూడా. రెండోదే నిజం.

కానీ పరీక్ష గదిలో మామయ్య మీటరున్నర ఎత్తు నుంచి పది డబ్బాలు పడేస్తే ఒక్కటీ పగల్లేదు. ఆయన ఆమెకు సొంత మేనమామ, ఈ పనిలో ముప్పై ఏళ్లుగా ఉన్నాడు.

"రేపు డబ్బాలు పోసే అచ్చు తయారీకి వెళ్తోంది. సాయంత్రంలోగా నీ లెక్క సరిచెయ్. లేదా కంప్యూటర్ వదిలేసి ప్యాకింగ్‌లోకి పో" అన్నాడు మేనేజరు.

అమ్మడికి ఏడుపొక్కటే తక్కువ. మొదటి రకం గుణం పెట్టేస్తే అందరూ శభాష్ అంటారు. మనసొప్పక పరీక్ష గదికి పరుగెత్తింది.

"మామయ్యా, నా కళ్ల ముందు ఒక్కటి పడెయ్యవా?"

"ఒక్కటేం ఖర్మ, నాలుగు పడేస్తా!" అంటూ ఆయన నీళ్లు నింపిన డబ్బాను పైకెక్కించాడు. తర్వాత మందపాటి రబ్బరు చాప తెచ్చి నేలమీద శ్రద్ధగా పరిచాడు.

"అదెందుకు?"

"కొత్త టైల్సు కదమ్మా! పోయిన నెలే వేశారు. పగిలితే మాటలు ఎవరు పడతారు?"

అమ్మడు వంగి చాపను నొక్కి చూసింది. ఆమె లెక్కలో ఉన్నది గట్టి నేల. ఈయనేమో డబ్బాలకు పరుపు వేసి పడుకోబెడుతున్నాడు! నవ్వొచ్చింది, వెంటనే దిగులూ వేసింది. మేనేజరుకి చెబితే మామయ్య పరువేం కావాలి?

ఆమె మొహం చూసి ఆయనకే అర్థమైంది. "నా బుద్ధి తగలెయ్య!" అని నెత్తి కొట్టుకుని, తానే వెళ్లి మేనేజరుని వెంటబెట్టుకొచ్చాడు. "తప్పు నాదే సార్, చూడండి" అని చాప లాగేసి డబ్బా వదిలాడు.

కింది మూల బర్రున చీలింది. నీళ్లన్నీ మేనేజరు బూట్లలోకే వెళ్లాయి.

"మా మేనకోడలు చెప్పిన చోటే! అంగుళం అటూ ఇటూ కాలేదు!" మామయ్య ఆ నీళ్లలోనే గెంతాడు.

మేనేజరు బూటు విప్పి నీళ్లు ఒంపుతూ, ఎన్నడూ లేనిది, ఆమెనే అడిగాడు. "ఆ మూల ఎంత మందం పెట్టమంటావ్?"

అమ్మడు సంతోషం పట్టలేకపోయింది. "ఇప్పుడే చెప్పలేను సార్. ఇంకో పది పగలగొట్టాలి."

"సరే, అచ్చు ఆపిస్తా" అన్నాడాయన, రెండో బూటు కూడా విప్పుతూ.