పాదాల కింద సానయంత్రం

ఉల్లిపాయలు తరుగుతుంటే పాదాల కింద నేల సన్నగా వణుకుతోంది. కింద నా షాపులో సానయంత్రం తిరుగుతోందన్నమాట. కళ్లజోళ్ల అద్దాలని ఫ్రేములకి సరిపడా అరగదీసే యంత్రం అది. పదకొండేళ్లుగా దాని ముందు కూర్చున్నదాన్ని, ఇవాళ దాని నెత్తిమీద నిలబడి వంట చేస్తున్నాను. ఆ వణుకు అరికాళ్లలోంచి మోకాళ్ల దాకా వచ్చి, అక్కణ్ణుంచి ఎటో వెళ్లిపోతోంది. మందపాటి అద్దం ఎక్కించారో, పలచనిది ఎక్కించారో చూడకుండానే తెలుస్తోంది. మెలకువగా ఉన్నానో కలలో ఉన్నానో మాత్రం తెలియడం లేదు.

ఇవాళ పరీక్షలో మూడో రోజు. పెట్టింది మాకు శిక్షణ ఇచ్చే మేడమ్. మా దగ్గర డబ్బు విలువ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఓడ వస్తే అద్దాలొస్తాయి, లేకపోతే లేదు. కరెంటు సంగతి అడక్కపోవడమే మంచిది. ఇలాంటి చోట మాలాంటి చిన్నవాళ్లని నమ్మి పెట్టుబడి పెట్టేవాళ్లు ఏం చూస్తారో నేర్పడమే ఆవిడ పని. "మీరు జ్వరంతో మంచమెక్కితే షాపు నడుస్తుందా? నడవకపోతే అది వ్యాపారం కాదమ్మా, మీ వీపు మీద మూట," అంది ఒకరోజు. క్లాసులో పళ్ల డాక్టరు, బేకరీ ఆవిడ, లిఫ్టులు బాగుచేసే అన్నదమ్ములు, నేను, అందరం తలలు దించుకున్నాం. "ఏడు రోజులు షాపులో అడుగు పెట్టొద్దు. మీ పనివాళ్లు ఫోన్ చేసినా ఎత్తొద్దు. నిలబడిన షాపునే పైకి పంపిస్తాను."

పైకి అంటే రాజధానికి. అక్కడ వారం రోజులుండి, పెట్టుబడి పెట్టేవాళ్లు అడిగినదానికల్లా జవాబు చెప్పాలి. వాళ్లు సరేనంటే రెండో యంత్రం, కరెంటు పోయినా తిప్పే బ్యాటరీలు, పక్క ఊళ్లో ఇంకో షాపు. ఎన్నేళ్లుగానో నేను కళ్లు తెరిచి కంటున్న కల అది.

ఆ మాట ఇంట్లో చెప్పిన రోజు మా ఆయన, "నువ్వెందుకోయ్ అంత దూరం, నేను వెళ్లొస్తాలే. మాట్లాడటమేగా. నువ్వు వారం లేకపోతే ఇల్లేమైపోవాలి?" అన్నాడు. మా అత్తగారు, "వాడికి కోటు కూడా బాగా నప్పుతుంది," అంది. నేను తలూపాను. ఎందుకు ఊపానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. మేడమ్‌కిచ్చిన కాగితంలో వెళ్లేవారి పేరు అన్న చోట ఆయన పేరు నా చేత్తోనే రాశాను. మర్నాడు అద్దం ముందు నిలబడి మాటలు వల్లె వేసుకుంటూ, "మన దగ్గర యంత్రాలు ఎన్ని, రెండా?" అని అడిగాడు. ఒకటే అని చెప్పి కాఫీ ఇచ్చాను.

నాలుగో రోజు పొద్దున పదిన్నరకి నేల వణకడం ఆగిపోయింది. కరెంటు పోయింది. జనరేటరు మోత వినపడాలి, వినపడలేదు. చేతిలో చాకు అలాగే ఉంది. ఆ రోజు ఇవ్వాల్సినవి తొమ్మిది జోళ్లు. కాళ్లు వాటంతటవే మెట్ల దాకా వెళ్లిపోయాయి. పైమెట్టు మీద కూర్చుని, చీర కొంగుకి కట్టుకున్న, ఇంకా అరగదీయని గుండ్రటి కళ్లజోడు అద్దం తీసి కంటికి పెట్టుకున్నాను. వీధి అంతా నీళ్లలో మునిగినట్టు ఊగింది. సైకిళ్లు, మనుషులు, ఎదురింటి గోడ, అన్నీ మెల్లగా ఈదుతున్నాయి. ఎంతసేపు అలా చూశానో. అప్పుడు వినిపించింది కింద నుంచి, సర్రు సర్రుమని, తడి రాయి మీద గాజు అరుగుతున్న చప్పుడు. మెట్ల కింద పడేసిన చేతిసాన. నాలుగేళ్ల కిందట ఒకే ఒక్కసారి చూపించాను షాపులో పనిచేసే పెద్దమ్మాయికి. అది గుర్తుపెట్టుకుంది. ఏడుపొచ్చింది. నేను లేకపోయినా వాళ్లకి గడుస్తుందని ఒక కన్ను ఏడిస్తే, అందుకే సంతోషంతో రెండోది.

"ఏమోయ్, నా కళ్లజోడేదీ?" అన్నాడు మా ఆయన లోపల్నుంచి. ఆలోచించకుండానే లేచి వెళ్లి ఫ్రిజ్ మీద నుంచి తీసిచ్చాను. పరీక్ష మొదలైన దగ్గర్నుంచి ఇది ఎన్నోసారో. అత్తగారు, "ఎలాగూ ఖాళీగానే ఉన్నావుగా, ఆ కర్టెన్లు కూడా దించెయ్," అంది. స్టూలెక్కి కర్టెన్లు దించుతూంటే, అక్కడే, గాల్లో, నాకు తట్టింది. నాలుగు రోజులుగా కిందివాళ్లు నన్ను ఒక్కసారి పిలవలేదు. పైన ఒక్క గంట కూడా పిలవకుండా గడవలేదు. మేడమ్ చెప్పిన మూట షాపు కాదు. ఇన్నాళ్లూ తప్పు మూటని చూసుకుంటూ కూర్చున్నాను.

ఎనిమిదో రోజు కిందికి దిగాను. జోళ్లన్నీ వెళ్లిపోయాయి. ఒక ముసలాయన జోడులో కుడి ఎడమలు తారుమారు చేశారట. వాళ్లే కనిపెట్టి, వాళ్లే మళ్లీ చేసి, ఆయనకి సంగతి చెప్పి మరీ ఇచ్చారట. "జనరేటరు బాగయిందక్కా, పాడైనప్పుడు మీరు కంగారు పడతారని చెప్పలేదు," అంది పెద్దమ్మాయి. అక్కణ్ణుంచే మేడమ్‌కి ఫోన్ చేశాను. కాగితంలో పేరు మార్చమన్నాను. ఆవిడ ఎందుకని అడగలేదు. "పొద్దున బస్సు ఆరున్నరకి," అంది, అంతే.

మర్నాడు తెల్లవారుతూంటే పెట్టెలోంచి నేను ఇస్త్రీ చేసి సర్దిన ఆయన చొక్కాలు తీసి, మడత నలగకుండా మంచం మీద పెట్టాను. నా చీరలు, యంత్రం ఫొటో, గుండ్రటి అద్దం సర్దుకున్నాను. మా ఆయన నిద్రమొహంతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎక్కడికోయ్?"

"రాజధానికి. నేనే వెళ్తున్నాను. వారం తర్వాత వస్తాను. ఫోన్ ఎత్తను."

"మరి ఇల్లో?"

"షాపు నిలబడింది. ఇప్పుడు ఇంటి వంతు."

ఆయనకి నా మొహం సరిగ్గా కనపడినట్టు లేదు. కళ్లు చికిలించి, గోడ తడుముకుంటూ, "ఉండు, ముందు నా కళ్లజోడేదో చెప్పు," అన్నాడు. ఫ్రిజ్ మీద ఉంది. నాకు కనపడుతూనే ఉంది. పెట్టె తీసుకుని మెట్లు దిగాను.