మెట్లు ఎవరి ఖాతా?

తొంభై ఒకటి జనవరి, గల్ఫ్ యుద్ధం. రియాద్ మీద రాకెట్లు పడుతున్నాయి. అక్కడ ఒక భవనం పై అంతస్తులో ఊపిరితిత్తుల జబ్బుల మీద పరిశోధన చేసే ధర్మసంస్థ. కింద అంతస్తులో ఆ సంస్థకు సంపాదించి పెట్టే వ్యాపార కంపెనీ. కిందవాళ్ళు ఆ నెల అమ్మే సరుకు ఒక్కటే, గ్యాస్ మాస్కులు. ఊరు ఊపిరి బిగబట్టింది, అమ్మకాలు ఊపందుకున్నాయి.

కంపెనీలో మాస్కుల పెట్టెలు మోసే భూమేష్‌ది జగిత్యాల. వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్, సంతకం లేనిదే ఇంటికి పోలేడు. వీపుకి పెట్టెలున్నాయి గానీ మూతికి మాస్కు లేదు. లెక్కలు చూసే భూషణం మూతికి ఉంది. ప్రచార ఖర్చు కింద రాసేసుకున్న శాంపిల్ అది.

“సార్, నాకొక్కటి ఇయ్యుండ్రి. గ్యాస్ బాంబులు ఏస్తరట గదా.”

“ఒరేయ్, మాది వ్యాపారం. మిగిలిందంతా ఏడాది చివర పైకి పంపి లెక్క చూపాలి. నీకు ఊరికే ఇచ్చానంటే ఆడిటర్ నా పీక పట్టుకుంటాడు. ధర్మం పైన చేస్తార్రా, పో.”

అడిగి లాభం లేదు, ఇస్తే అసలే లాభం లేదు. భూమేష్ మెట్లెక్కాడు.

పైన ఆశా సిస్టర్ ఫైల్లోంచి తలెత్తలేదు. “మేం పరిశోధిస్తాం గానీ పంచిపెట్టం బాబూ. నీకు ఉబ్బసం ఉందా?”

“లేదమ్మా.”

“అయ్యో, ఉంటే చూసేవాళ్ళం. మాస్కులు కిందే కదా, కింద అడుగు.”

దానం అడిగినవాడికి సమాధానం దొరికింది. అది పట్టుకుని దిగుతుంటే సైరన్ మోగింది. పక్క వీధిలో రాకెట్ పడింది. మెట్ల పక్క గోడ భూమేష్ మీద కూలింది.

దుమ్ములో మాస్కుతో భూషణం వచ్చి కింది మెట్టు దగ్గర ఆగాడు. పై మెట్టు దగ్గర ఆశ ఆగింది.

“సిస్టర్, ఆస్పత్రి ఖర్చు ఎవరి ఖాతా? మలుపు దాకా మెట్లు మావి, ఆపైన మీవి.”

“తల మీ వైపే పడిందండీ.”

“కాళ్ళు మీవే కదా! పోనీ, నడుము ఉమ్మడి అనుకుందాం.”

“సార్...” ఇటుకల కింద నుంచి భూమేష్. “దుమ్ము... ఊపిరాడ్తలేదు... గా మాస్కు...”

భూషణం తన మాట స్పష్టంగా వినిపించాలని మాస్కు తీశాడు. “సైరన్ ఆగిపోయిందిరా, ఇంకా మాస్కెందుకు?” మళ్ళీ పైకి చూశాడు. “సగం సగం రాసేద్దామా సిస్టర్?”

భూమేష్ అభ్యంతరం చెప్పలేదు.

ఆశ దిగివచ్చి నాడి చూసింది. “ఆస్పత్రి ఖర్చు ఉండదు లెండి,” అంది.

భూషణం హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.