కోరలు తీసిన వజ్రపాణి

ఉమామహేష్‌కి కోపం రావడం కొత్తేమీ కాదు గానీ, తను చేసిన బొమ్మ కోపంగా ఉందన్నందుకు కోపం రావడం మాత్రం అదే మొదటిసారి.

మధురవాడ కొండ అంచుల్లో అపార్ట్‌మెంట్లు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులవి, రెండువేల నాలుగో అయిదో. పాత బౌద్ధారామాలున్న తొట్లకొండ, బావికొండ అంత దగ్గర్లో ఉన్నప్పుడు మనమూ బుద్ధుడికి ఏదో ఒకటి చేయకపోతే బాగుండదని అక్కడి కాలనీ సంఘంవాళ్ళకు తోచింది. ధ్యానమందిరం కట్టారు. లోపల కూర్చోబెట్టడానికి తెల్లరాతి బుద్ధుణ్ణి తెప్పించారు. గుమ్మం పక్కన నిలబడే రక్షకుణ్ణి చేయడానికి ఎవరో ఉమామహేష్ పేరు చెప్పారు. భీమిలి జాలరి కుటుంబంలో పుట్టి, యూనివర్సిటీలో శిల్పం చదువుకుని, సిమెంటుతో నిలువెత్తు బొమ్మలు చేసే కుర్రాడు.

"బుద్ధుడికి రక్షకుడంటే వజ్రపాణి ఉన్నాడు సార్," అన్నాడు ఉమామహేష్ సంబరంగా.

"ఎవరో ఒకరు, బాబూ. సూడ్డానికి బాగుండాలి," అన్నాడు సంఘం అధ్యక్షుడు శ్రీరామ్మూర్తి. ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరైన పెద్దమనిషి. ఆ 'బాగుండాలి' అన్న మాటను చెవిన పెట్టకపోవడమే ఉమామహేష్ చేసిన పొరపాటు.

వజ్రపాణి ముఖం కోసం పుస్తకాలన్నీ తిరగేసి, చివరికి పక్కన పడేశాడు. ఆ ముఖం అతనికి ఎప్పటినుంచో తెలుసు. చిన్నప్పుడు తను తుఫాను కెరటాల్లోకి దిగిన రోజున తల్లి గురువమ్మ జుట్టు పట్టుకుని ఒడ్డుకు ఈడ్చుకొచ్చింది. గుడ్లురిమి, పళ్ళు పటపట కొరుకుతూ, సముద్రాన్నీ కొడుకునీ కలిపి తిట్టింది. వీపు విమానం మోత మోగించింది. జన్మలో మళ్ళీ ఎప్పుడూ అతనికి అంత ధైర్యంగా అనిపించలేదు. బొమ్మకు ఆ ముఖమే పెట్టి, రెండు కోరలు కలిపాడు.

"అమ్మా, నీ మొకవే పెట్టానే బొమ్మకి," అని ఇంటికెళ్ళి చెప్పాడు.

"నా మొకం ఏటుందని పెట్టావురా? సేపలమ్ముకునే మొకం," అంది గురువమ్మ. అంది గానీ, కాసేపటికే పక్కింటి కాంతంతో వీధంతా వినబడేలా, "నా మొకం దేముడికి పెట్టాడంట మావోడు! తెరిసిన రోజు ఎల్లి సూడాల," అని చెప్పుకుంటోంది.

బొమ్మను చూడ్డానికి వచ్చిన శ్రీరామ్మూర్తి, ఉమామహేష్ పనిచేసే షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఇదేటి బాబూ, రాక్షసుడిలాగున్నాడు! బుద్ధుడంటే శాంతి కదా?"

ఉమామహేష్ ఓపిక తెచ్చుకున్నాడు. "మొదట్లో యక్షుడే సార్. పొలిమేర కాసే మన అమ్మోర్లలాగా, జనం భయపడి కొలిచే దేవత. బౌద్ధం వెళ్ళిన చోటల్లా ఇలాంటివాళ్ళను తరిమెయ్యలేదు. మీ కోపం మీ దగ్గరే ఉంచుకోండి, ఇకమీదట ధర్మానికి కాపలా కాయండి అని మాట తీసుకుంది. పిల్లల్ని తినే హారీతి పిల్లల్ని కాచే తల్లయింది అలాగే. ఒక పొగరుబోతు కుర్రాడు బుద్ధుడి ముందు నోరు పారేసుకుని, అడిగినదానికి నిజం చెప్పకుండా బిగుసుకుపోతే, ఈ వజ్రపాణే మండే వజ్రాయుధం పట్టుకుని వాడి నెత్తిమీద నిలబడ్డాడు. అప్పుడు గానీ వాడి నోరు పెగల్లేదు. ఈ కోపంలో పగ ఉండదు సార్. దయకే ఇది ఇంకో ముఖం."

"చాలా బాగా చెప్పావు," అని శ్రీరామ్మూర్తి మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. "ఆ కోరలు మాత్రం తీసెయ్."

కోరలు పోయాయి. తర్వాత సంఘం కార్యదర్శి తిరుమలరావు వచ్చి, మనవరాలు జడుసుకుందని కళ్ళు చిన్నవి చేయించాడు. ఇంకోసారి వచ్చి, ఎత్తిన చెయ్యి కొట్టడానికి వస్తున్నట్టుందని, వజ్రాయుధం తీయించి అభయహస్తం పెట్టించాడు. ఇంతా అయ్యాక, మూతి ముడుచుకున్నట్టున్నాడు, కాస్త నవ్వించమన్నారు. ఉమామహేష్ ప్రతిసారీ గొంతు చించుకుని వాదించాడు. వాళ్ళు తిరిగి ఒక్క మాటైనా అంటే బాగుండేది. తలూపి, మెచ్చుకుని, మళ్ళీ అదే మాట. కాదంటే బయట తయారుగా దొరికే బొమ్మ తెచ్చుకుంటామన్నారు. ముక్కు ఒక్కటైనా అమ్మది మిగులుతుందని ఉలి పట్టుకునేవాడు పాపం. నవ్వించేసరికి ముక్కూ మారిపోయింది.

తెరిచే రోజున గురువమ్మ కొత్త చీర కట్టుకుని కొడుకుతో బస్సు దిగింది. ఇంటి దగ్గరే నిజం చెప్పేద్దామనుకుని చెప్పలేక, ఉమామహేష్ దారంతా నీళ్ళు నములుతూనే ఉన్నాడు. మందిరం ముందు తలెత్తేసరికి అతనికి మతిపోయింది. నవ్వుతున్న వజ్రపాణికి కాస్త పైన, గుమ్మానికి నట్టనడుమ, పూర్ణా మార్కెట్లో కొన్న దిష్టిబొమ్మ వేలాడుతోంది. నల్లటి ముఖం, ఎర్రటి గుడ్లు, బయటికి చాచిన నాలుక, తెల్లటి కోరలు.

"ఇదేంటి సార్?" అన్నాడు శ్రీరామ్మూర్తితో.

"దిష్టిబొమ్మ, బాబూ. కొత్త కట్టడం, నలుగురి కళ్ళూ పడతాయి కదా."

"మరి దీనికి కోపం లేదా సార్? కోరలు లేవా?"

శ్రీరామ్మూర్తి అతన్ని జాలిగా చూశాడు. "భలేవోడివే! కోపంగా లేకపోతే దిష్టి ఎలా పోద్ది?"

ఉమామహేష్‌కి ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ నేను మొత్తుకున్నది అదే కదా అని అరవడానికి నోరు తెరిచాడు. ఇంతలో గురువమ్మ అతని చెయ్యి పట్టుకుని గుంజింది. వజ్రపాణిని ఆమె చూడనైతే చూసింది గానీ, పెళ్ళిలో ఎదురైన పరాయివాణ్ణి చూసినట్టు చూసి వదిలేసింది. ఇప్పుడు మెడ పైకెత్తి దిష్టిబొమ్మ వంకే చూస్తోంది. ముఖం వెలిగిపోతోంది.

"నానేనేటిరా?" అంది. "ఆ గుడ్లు సూడు, ఆ పళ్ళు సూడు. అచ్చం నానే! బాగా సేసావురా నాయనా. కాంతాన్ని కూడా తేవాల్సింది."

యక్షులూ, హారీతీ, చదువుకున్నదంతా ఉమామహేష్ పక్కన పెట్టేశాడు.

"అవునమ్మా," అన్నాడు. "నువ్వే."

గురువమ్మ ఆ మార్కెట్ బొమ్మకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. కింద వజ్రపాణి అభయహస్తం చూపిస్తూ నవ్వుతూనే ఉన్నాడు. ఉమామహేష్ వాడి ముఖం చూడలేకపోయాడు.