పాత ఫైలులో ఉన్న మాట

ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఆరిన బట్టలు మడత పెడుతూనే మాట్లాడుతోంది ఆమె. అవతల ఉన్నది వెరిఫికేషన్ అమ్మాయి. పెద్దాసుపత్రి ల్యాబులో టెక్నీషియన్ ఉద్యోగం దాదాపు వచ్చినట్టే, ఈ విచారణ ఒక్కటే మిగిలింది. వారం రోజులుగా వాళ్ళు ఆమె గతాన్నంతా జల్లెడ పడుతున్నారు. కాలేజీకి రాసి సర్టిఫికెట్ అసలుదో కాదో కనుక్కున్నారు. పాత ల్యాబుకు ఫోను చేసి ఎప్పుడు చేరింది, ఎందుకు మానింది, నడవడిక ఎలాంటిదని అడిగారు. పక్కింటావిడను కూడా వదల్లేదు. పెళ్ళి కుదిరినప్పుడు కూడా తన గురించి ఇంత ఆరా ఎవరూ తీయలేదని ఆమె నవ్వుకుంది.

ఆమె భయమల్లా మధ్యలో ఉన్న ఏడేళ్ళ ఖాళీ గురించే. 'ఈ కాలంలో ఏం చేశారు' అన్న గడి ముందు చాలాసేపు కూర్చుండిపోయింది. ఆ ఏడేళ్ళలో పగలు నడుం వాల్చిన రోజు ఒక్కటీ గుర్తు రాలేదు. ఇద్దరు పిల్లలు, మంచాన పడ్డ మామగారు, ఏదైనా వేళకు అందకపోతే మూతి ముడుచుకునే అత్తగారు. 'ఇంట్లో ఊరికే ఉన్నదానివి, ఈమాత్రం చేయలేవా' అని భర్త ఎన్నిసార్లన్నాడో లెక్కలేదు. చివరికి 'గృహిణి' అని రాసి ఊరుకుంది.

తీరా అమ్మాయి ఆ ఖాళీ ఊసే ఎత్తలేదు.

"మేడమ్, మా దగ్గర ఇంతకుముందు సెలెక్టయ్యారా అన్నచోట లేదని రాశారు. పాత ఫైలులో అయ్యారని ఉంది. నాలుగేళ్ళ కిందట. మీరే వద్దన్నారట."

చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. ఇంకొకరి ఫైలేమో చూడమంది. కాదట. పుట్టిన తేదీ ఆమెదే, ఇంటర్వ్యూ మార్కుల్లో రెండో స్థానమూ ఆమెదే. ఫోను చేస్తే ఇంట్లోవాళ్ళు 'ఆమెకు ఇష్టం లేదు' అన్నారట. అమ్మాయి చదివిన నంబరు ఆయనది. తన ఫోను ఎప్పుడూ పిల్లల చేతుల్లో ఉంటుందని, ముఖ్యమైన కబురు తప్పిపోకూడదని, అప్పటి దరఖాస్తులో ఆమే చేతులారా ఆయన నంబరు రాసింది.

తప్పుడు సమాచారం ఇచ్చారని రిపోర్టులో రాయాల్సి వస్తుందని, అదే జరిగితే ఉద్యోగం కష్టమని, సాయంత్రంలోగా వివరణ పంపితే జతచేస్తానని చెప్పి అమ్మాయి పెట్టేసింది.

ముందు సంతోషం వేసింది. అంటే తను నెగ్గింది. ఆ వెంటనే, సంతోషపడ్డందుకు సిగ్గేసింది. నాలుగేళ్ళుగా తనకు చేతకాదనే నమ్మింది. కబురు రాక ఆమె ముభావంగా తిరుగుతున్న రోజుల్లో, 'చదివిన చదువు తుప్పు పట్టింది, పోనీలే, వాళ్ళ తప్పేముంది' అని ఓదార్చింది ఆయనే. తల నిమిరాడు కూడా. అప్పుడు నిజంగానే జాలిపడ్డాడా, నటించాడా? ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు.

ఆయనకు ఫోను చేసింది. ఆయన దాచలేదు.

"అప్పటికి చిన్నది పాలు మానలేదు. అలిసిపోతున్నానని రోజూ గోల పెట్టింది నువ్వే కదా? నీ మంచికే చెప్పాను. పొరపాటున రాశానని పంపెయ్, అంతటితో పోతుంది."

నిజమే, అలిసిపోయానంది. అనలేదని ఎలా అంటుంది? ఆ మాటకు అర్థం అదేనా మరి? పొరపాటంటే నమ్ముతారో లేదో, నమ్మకపోతే అబద్ధాలకోరని ఫైలుకెక్కేది తను. నిజం రాస్తే ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు మొగుడి గుట్టు విప్పినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పిల్లలు బడి నుంచి వచ్చే వేళైంది. బట్టలు సగంలోనే వదిలేసి కంప్యూటరు ముందు కూర్చుంది. 'పొరపాటున' అని మొదలుపెట్టి చెరిపేసింది. కోపంగా నాలుగు వాక్యాలు రాసి అవీ చెరిపేసింది. తనది కోపమో దుఃఖమో ఆమెకే తెలియడం లేదు. తెలిసినంతవరకే రాసింది.

'ఆ ఉద్యోగం వద్దన్నది నా భర్త. అప్పుడు నన్ను ఎవరూ అడగలేదు. ఇప్పుడు మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను, నాకు కావాలి.'