మోకాలు దాటని గుండు

మూసీకి పెద్ద వరద వచ్చి ముప్పై ఏండ్లు నిండబోతున్న సంవత్సరం అది. ఆ రోజుల్లో మా వైపు ఏ సంగతినైనా వరదకు ముందు, వరదకు తర్వాత అనే చెప్పుకునేవారు.

నార్కట్‌పల్లికి పడమట, గుట్టల నడుమ ఉన్న ఊళ్లో నాలుగు ఇండ్లకు కలిపి ఒకటే మోటబావి. రాత్రంతా ఊరిన నీళ్లు తెల్లవారేసరికి నిండుగా ఉంటాయి. మొదటి వంతువాడు మోట దించితే కాలువ పట్టనంత నీరు పారుతుంది. చివరి వంతువాడికి మిగిలేది బురద. చలికాలంలో వంతుల సంగతి ఎవరూ పట్టించుకోరు. ఉగాది దాటితేనే నీళ్లు అడుగంటుతాయి. అప్పటికి వరి పొట్ట మీద ఉంటుంది. అందుకని తాతల నాడు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఉగాదినాడు బావిగడ్డ మీద ఉన్న నల్లగుండు అనే పెద్ద రాతిని ఇంటికొకడు ఎత్తాలి. ఎవడు ఎంత పైకి ఎత్తితే కోతలదాకా ఆ ఇంటికి అంత ముందు వంతు. తగాదా లేదు, పంచాయతీ లేదు, దొర గడి మెట్లు ఎక్కే పని అసలే లేదు.

లింగస్వామి ఇంటిది రెండేండ్లుగా చివరి వంతే. బాపు పోయాక గుండు అతని చేతికి వచ్చింది. మొదటి ఏడు నడుము దాకా ఎత్తాడు. రెండో ఏడూ అక్కడే ఆగింది. ఆ వేసవిలో వరి తాలు పోయింది. తల్లి సైదమ్మ, భార్య గుర్వమ్మ వానకాలం దాకా జొన్న గటకతో ఇల్లు నెట్టుకొచ్చారు. ఈసారీ వెనకబడితే మడి చేతిలో ఉండదు. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

దసరా వెళ్లగానే సాధన మొదలుపెట్టాడు. కోడి కూయకముందే దండీలు, బస్కీలు. పగలు మోట. పొద్దు గూకితే గుండు. మొదట్లో ఒళ్లు బాగా తిరిగింది. గుర్వమ్మ కుట్టించిన అంగీ చంకల దగ్గర పిగిలితే ఆమె తిట్టుకుంటూనే మురిసింది. చలి ముదిరేసరికి గుండు రొమ్ము దాకా వచ్చింది. ఆ తర్వాత ఇంచు పైకి కదలలేదు.

కదలలేదంటే తన కష్టం చాలలేదనుకున్నాడు. దున్నింది చాలకపోతే ఇంకో సాలు దున్నడమే తెలిసిన మనిషి. దండీలు పెంచాడు. రోలు భుజాన పెట్టుకుని బావి చుట్టూ తిరిగాడు. ఎద్దులకు నానబెట్టిన ఉలవల్లోంచి దోసెడు తీసుకుని నమిలాడు. సోమవారం ఎద్దులకు కాడి పెట్టరు. ఆ పూట తనకు పని లేదు కదా అని పొద్దంతా గుండుతోనే గడిపేవాడు.

గుండు రొమ్ము నుంచి నడుముకు దిగింది. నడుము నుంచి తొడలకు దిగింది. శివరాత్రి నాటికి మోకాలు దాటడమే మానింది.

కంటికి నిద్ర లేదు. ఒళ్లంతా పచ్చిపుండు. గటక గొంతు దిగదు. మోకు పట్టుకుంటే పట్టు జారేది. ఒకనాడు ఉప్పు తక్కువైందని గిన్నె గోడకు కొట్టాడు. గుర్వమ్మ గిన్నె సొట్ట తీసి, మరునాడు అందులోనే పెట్టింది.

మొదటి వంతు ఐలేశానిది. మనిషి మంచివాడే, నోరే ఊరుకోదు. లింగస్వామి గుండు దగ్గర వంగి ఉండగా చూసి మోట ఆపాడు.

"లింగా, దాన్ని జర ఇడ్సిపెట్టరాదు? రోజు గట్ల రుద్దితే అరిగిపోతది. ఉగాదికి మాకు ఇంత మిగలనియ్యి."

బావిగడ్డ మీద ఉన్నవాళ్లంతా నవ్వారు. వంతులు తీర్చే పెద్దమనిషి కాటమయ్య కూడా మీసం చాటున నవ్వాడు. లింగస్వామికి ఒళ్లు మండింది. ఉన్న బలమంతా పెట్టి గుంజాడు. నడుము కలుక్కుమంది. గుండు పక్కనే కూలబడ్డాడు.

ఎట్లాగో ఇల్లు చేరేసరికి తల్లి కొట్టంలో ఉంది. కాడికి కుడివైపు కట్టే వలపటి ఎద్దు మెడ వాచింది. ఆముదంలో పసుపు రంగరించి దాని మెడకు పట్టిస్తోంది. రేపు దీన్ని కట్టొద్దంది. కట్టనన్నాడు లింగస్వామి. ఇప్పుడు విప్పకపోతే వాపు పుండవుతుందని, ఆ తర్వాత ఎండాకాలమంతా ఎద్దు పనికి రాదని తనే చెప్పాడు.

సైదమ్మ చెయ్యి ఆగింది.

"ఎద్దు సంగతి మంచిగనే ఎరుక నీకు. మెడ వాస్తె ఇప్పుతవు, సోమారం నిలపెడ్తవు. నీ మెడ మీద కాడి ఎవ్వడు పెట్టిండు కొడుకా?"

అతను నడుము పట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

"ఉగాది దగ్గర పడ్డదమ్మా."

"పడనియ్యి. దాని ఉలవలు తింటున్నవట, గుర్వి చెప్పింది. దాని తిండి తినెటోనివి, దాని లెక్క పండుడు సుత నేర్సుకో."

తలుపు దగ్గర గుర్వమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లింగస్వామికీ నవ్వొచ్చింది. నవ్వితే నడుము నొప్పి పెట్టింది.

ఎద్దు మెడ వాపు తగ్గేదాకా గుండు ముట్టనని తల్లికి మాట ఇచ్చాడు. గుర్వమ్మ తమ్ముడు ఎల్లస్వామి తన ఎద్దులు తోలుకొచ్చి మోట కొట్టాడు. ఊరికే కూర్చోవడం గుండు ఎత్తడం కన్నా కష్టమైంది. బలమంతా కారిపోతున్నట్టు మాటిమాటికీ తన జబ్బలు తానే పిసుక్కుని చూసుకునేవాడు. పగ్గాలు పేనాడు. మధ్యాహ్నం కొట్టంలో గడ్డి మీద ఒరిగితే ఎద్దు ఊపిరి వింటూ నిద్రపోయేవాడు. గుర్వమ్మ నువ్వులూ బెల్లమూ దంచి ముద్దలు చేసి పెట్టింది. ఒక పూట గటక కుండ అడుగు గీకి ఇంకా ఉందా అని అడిగాడు. సైదమ్మ కోడలి వంక చూసింది.

ఎద్దు మెడ నున్నబడింది. మళ్లీ కట్టిన మొదటిరోజు నాలుగు మోటలు లాగించి విప్పేశాడు. మరునాడు నిలిపాడు. ఆ మీదట కొంచెం కొంచెం పెంచాడు. దానికి ఎట్లా చేశాడో తనకూ అట్లాగే చేసుకున్నాడు. ముందు చిన్న రాయి, మరునాడు ఏమీ లేదు, ఆ తర్వాత రోలు. సోమవారం ఎద్దుల పక్కనే పండుకున్నాడు. నల్లగుండు జోలికి పోలేదు.

ఆ ఉగాదిని చూసినవాళ్లు ఇప్పుడు ఒకరిద్దరే మిగిలారు. బావి పూడిపోయింది. మోటలు పోయాయి, మోటపాటలు పోయాయి. బావిగడ్డ మీద వేపపూత వాసన, తడిసిన తోలు వాసన కలిసి కొట్టేవి. అవి తలుచుకుంటే ఇప్పటికీ ముక్కుకు తగులుతాయి.

ఆనాడు మొదటి ఇద్దరు నడుము పైదాకా ఎత్తారు. ఐలేశం రొమ్ము దాకా తెచ్చి, కాసేపు నిలిపి, దించాడు. కాటమయ్య లింగస్వామి వైపు చెయ్యి చూపాడు. అతను గుండు కిందికి వేళ్లు పోనిచ్చాడు. మోకాలు దాటింది. నడుము దాటింది. రొమ్ము దగ్గర ఆగింది. ఎప్పుడూ ఆగే చోటే అది. గుర్వమ్మ కళ్లు మూసుకుంది. లింగస్వామి తొందరపడలేదు. ఒక ఊపిరి తీసుకున్నాడు. గుండు భుజం మీదికి ఎక్కింది.

ఐలేశం దగ్గరికి వచ్చి తన తలగుడ్డ విప్పి అతని మెడ మీది మట్టి తుడిచాడు.

"దించు లింగా, ఇంగ సాలు. నీళ్లు నీవే."

మరునాడు వేగుచుక్క పొడవగానే లింగస్వామి ఎద్దులను తోలుకుని బావికి పోయాడు. నీళ్లు పై మెట్టు దాకా ఉన్నాయి. మోట దించాడు. ఎద్దులు దారి దిగుతుంటే మోకు మీద కూర్చుని పాట ఎత్తుకున్నాడు. పొద్దు ఎక్కేసరికి ఎద్దులను నీడకు నిలిపి, పార భుజాన వేసుకుని, నీళ్లు మడి కొస దాకా ఎక్కాయో లేదో చూడటానికి ఒడ్డు వెంట నడిచి పోయాడు.