రాహేలు పెరటికి నీళ్లు

నేను ఒక రేకు డబ్బాను. మొక్కలకు నీళ్లు పోయడం తప్ప మరో పని తెలియనిదాన్ని. ప్రొద్దుటూరులో రేకు పని చేసే ఖాదర్‌వలీ నన్ను మడిచి, అతికించి, పొడవాటి మూతి పెట్టి, దానికి గుండ్రటి జల్లెడ బిగించాడు. జల్లెడ చిల్లులు మేకుతో ఒక్కొక్కటే కొట్టాడు. "ధారగా పడితే మొలక పడిపోతాది. చినుకులు పడినట్ట పడాల" అని తనలో తానే అనుకున్నాడు. మొలక మీద అంత జాలిపడ్డ మనిషి నన్ను మాత్రం పొద్దుగూకేదాకా సుత్తితో బాదాడు.

నన్ను కొనుక్కున్నది జమ్మలమడుగులో ఒక ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే రాహేలు. బస్సులో చంటిబిడ్డను పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయింది. ఆమె పెరడు చిన్నది. నాపరాళ్లు పరిచిన జాగా దాటితే ఒక నిమ్మచెట్టు, రెండు వరుసల కనకాంబరాలు, గోడెక్కిన బీరపాదు. రోజూ పొద్దున్నే డ్యూటీకి పోయేముందు నన్ను నింపుకుని, ఏ చెట్టు దగ్గరా తొందరపడకుండా తిరిగేది.

ఆ ఇంట్లోనే ఆమె అక్క లేయమ్మ ఉండేది. మిషను మీద రవికలు కుట్టేది. అక్కచెల్లెళ్లిద్దరూ పెళ్లి చేసుకోలేదు. తల్లిని చూసుకుంటూ ఉండిపోయారు. ఆ తల్లి ఒకరోజు పొద్దున కన్నుమూసింది. ఆ సమయానికి రాహేలు పెరట్లో నీళ్లు పోస్తోంది. లోపల ప్రాణం పోయిన సంగతి ఆమెకు తెలియదు. లేయమ్మ గడప దగ్గరికి వచ్చి, "అమ్మ కంటే నీకు చెట్లే ఎక్కవైపాయ" అంది.

రాహేలు నన్ను అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తింది. ఆ రోజు మొదలుకొని నాలుగేళ్లు ఇద్దరికీ మాటల్లేవు. ఒకే పొయ్యి మీద వంతులవారీగా వండుకున్నారు. చర్చిలో ఒకే బెంచీకి రెండు చివరల కూర్చున్నారు. మనుషుల కుండల్లో నీళ్లు రెండు రోజులు నిలవవు గాని, కోపాన్ని మాత్రం ఎన్నేళ్లయినా చుక్క కారకుండా దాచుకోగలరు.

ఆ నాలుగో ఏడు ఫిబ్రవరిలో రాహేలుకు జ్వరం వచ్చింది. మూడు రోజుల్లో మనిషే పోయింది.

తర్వాత నెలన్నర నన్ను ఎవరూ ముట్టుకోలేదు. మేకుకు వేలాడుతూ ఉండిపోయాను. నా మూతిలో సాలీడు గూడు కట్టింది. ఏప్రిల్ వచ్చేసరికి ఎండ నిప్పులు చెరిగింది. నాపరాళ్ల మీద కాలు మోపలేనంత వేడి. ఒకనాడు బట్టలు ఆరేయడానికి వచ్చిన లేయమ్మ బీరపాదును చెయ్యి పెట్టి చూసింది. ఆకు వేళ్ల మధ్య పొడిపొడి అయిపోయింది. చాలాసేపు ఆ పొడి వైపే చూస్తూ నిలబడింది. తర్వాత నన్ను మేకు మీదినుంచి దించింది.

ఎలా పట్టుకోవాలో కూడా ఆమెకు తెలియదు. మిట్టమధ్యాహ్నం డబ్బా నిండా నీళ్లు తెచ్చి, వాడి తలవాల్చిన కనకాంబరాల మీద ఒక్కసారే కుమ్మరించింది. గోడ అవతలినుంచి పక్కింటి ఓబులమ్మ కేకేసింది.

"ఈ ఎండలో పోస్తే వేర్లు ఉడికిపోతాయి లేయక్కా! పొద్దున్నే పొయ్యాల."

"నాకేం తెలుసు ఓబులమ్మా! ఇదంతా దాని పని" అంది లేయమ్మ. చెల్లెలి పేరు మాత్రం పలకలేదు.

ఆ వారమే బోరు ఎండిపోయింది. ఐదు రోజులకొకసారి వచ్చే ట్యాంకరే వీధికంతా దిక్కు. లేయమ్మ బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు నాలోకి వంచడం నేర్చుకుంది. మిల్లు నుంచి గోతాం నిండా వేరుశనగ పొట్టు తెచ్చి, తేమ ఎగిరిపోకుండా మొదళ్ల చుట్టూ పరిచింది. పాత చీరలు నాలుగు కలిపి కుట్టి, కట్టెలు పాతి, కనకాంబరాల మీద పందిరిలా కట్టింది. అందులో రెండు చీరలు రాహేలువి. ఎవరితోనూ చెప్పుకోకుండా ఆమె చేసిన ఈ పనులన్నీ చూసినదాన్ని నేనొక్కదాన్నే. నాకు నోరుంది గాని, నీళ్లకే తప్ప మాటకు పనికిరాదు.

మేలో ట్యాంకరు రావలసిన రోజుకు రాలేదు. మరో మూడు రోజులూ రాలేదు. లేయమ్మ డ్రమ్ములో అడుగున రెండు బిందెల నీళ్లు మిగిలాయి. ఆ పూట ఓబులమ్మ గోడ మీదినుంచి కాదు, వీధి గుమ్మంలోంచి వచ్చింది. కాన్పుకు వచ్చిన కూతురు ఇంద్రజ ఆమె ఇంట్లోనే ఉంది.

"అక్కా, నోరు తెరిచి అడగల్లంటే సిగ్గయితాంది. పదకొండు దినాల బిడ్డ. గుడ్డలుతికేదానికి గూడా చుక్క లేదు. ఒక్క బిందె ఇస్తావా? ట్యాంకరొస్తానే తిరిగిస్తా."

లేయమ్మ ఒకసారి పెరటి వైపు చూసింది. "తాగేదానికి నాకు కుండలో ఉండాయి. తిరిగియ్యద్దులే. రెండూ తీసకపో" అంది.

మూడు రోజుల్లో కనకాంబరాలు ఎండిపోయాయి. వాటిని లేయమ్మే పీకింది. పీకిన మొక్కలను కుప్ప వేసి పక్కనే నాపరాయి మీద కూర్చుంది. రాయి కాలుతున్నా లేవలేదు. "నాతో కాలేదు" అంది. ఎవరితో అందో! పెరట్లో ఆమె, ఖాళీగా నేను తప్ప ఎవరూ లేరు.

మర్నాడు ట్యాంకరు వచ్చింది. ఆ పొద్దున్నే ఓబులమ్మ ఒక బకెట్ మోసుకొచ్చింది.

"బిడ్డకు నీల్లు పోసినాంక్కా. సున్నిపిండే రుద్దినాం, సబ్బు తగలనియ్యలే. నిమ్మచెట్టుకు పొయ్యి."

అలా ఇరవై రెండు రోజులు వచ్చాయి ఆ నీళ్లు, గోరువెచ్చగా, పెసరపిండి వాసనతో. బకెట్ వచ్చే వేళకు లేయమ్మ ముందే గోడ దగ్గర నిలబడి ఉండేది. "బిడ్డ నిద్రపోయిందా? పాలు తాగిందా?" అని అడిగేది. నాలుగేళ్లలో ఆ పెరట్లో అంతసేపు మాటలు నేను వినలేదు.

జూన్‌లో వాన పడింది. ఆ వారంలోనే ఇంద్రజ బిడ్డను తీసుకుని ఆదోనిలో అత్తగారింటికి వెళ్లిపోయింది. మర్నాడు బకెట్ రాలేదు. వానలు పడ్డాక అవసరమూ లేదు. అయినా లేయమ్మ ఆ వేళకు గోడ దగ్గరికి వచ్చి, కాసేపు నిలబడి, లోపలికి పోయింది.

నిమ్మచెట్టు కొమ్మల చివర ఎర్రటి చిగుళ్లు వేసింది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె నన్ను నింపుకుని ఊరి చివరి సమాధుల తోటకు నడిచింది. దారిలో రెండుసార్లు చెయ్యి మార్చుకుంది. రాహేలు సమాధికి ఇంకా రాయి వేయించలేదు. మట్టి దిబ్బ, ఒక కొయ్య సిలువ. లేయమ్మ నన్ను కింద పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"రాహేలూ" అంది. నాలుగేళ్ల తర్వాత ఆ పేరు. "నిమ్మచెట్టు బతికింది. కనకాంబరాలు పోయినాయి. నీల్లు ఓబులమ్మోళ్ల బిడ్డకిచ్చినా. నువ్వుండింటే నువ్వు గూడా ఇచ్చింటావు."

 తర్వాత నన్నెత్తి నెమ్మదిగా, చెల్లెలు పోసినట్టే తొందర లేకుండా, చివరి చుక్కదాకా పోసింది. రాత్రి వానకు మట్టి అప్పటికే బాగా తడిసి ఉంది. తడిసిన మట్టికి మళ్లీ నీళ్లెందుకని అడగడానికి అక్కడ ఎవరూ లేరు.