భుజం మీది గుండీ

చింతపండు పులుసులో ముంచిన పీచుతో ముత్యాలు మేనా ఇత్తడి బొడిపెలు తోముతున్నాడు. లోపలి మఖమల్ పరుపులోంచి పాత తాంబూలం, చెమట, ఎలుకల కంపు కలిసి వస్తోంది. ముప్పై ఏళ్ళు దాన్ని మోసినప్పుడు ఆ కంపు అతనికి తెలియలేదు. మోసేవాడికి ముందున్న దారి వాసనే తగులుతుంది. ఇప్పుడు రోజంతా దాని పక్కనే నిలబడాలి. ఇంటికి పోయి స్నానం చేసినా వంటిని వదలదు.

గడి ముందరి హాలును చిన్నదొర ఇంద్రసేన పోయినేడు వస్తుశాల చేశాడు. పోలీసు చర్య తర్వాత పట్నం నుంచి తిరిగొచ్చిన దొరలకు జోరు తగ్గింది. వచ్చిపోయే అధికారులకు చూపించుకోవడానికి తాతల కత్తులు, దుప్పి కొమ్ములు, ఈ మేనా మిగిలాయి. మేనాతో పాటు ముత్యాలూ మిగిలాడు.

అతనికి ఎర్ర బనాతు చొక్కా కుట్టించారు. ఎడమ భుజం మీద అరచేయంత గుడ్డ కోసి, రెక్కలా పైకి తీసేట్టు ఇత్తడి గుండీ పెట్టించారు. గుండీ తీస్తే కాయ కనబడుతుంది. మోతకు కాసిన కాయ, కోడిగుడ్డంత, నల్లగా, పగుళ్ళతో. కొలతలు తీసుకున్నరోజు దర్జీ అతని ముఖం చూడలేదు.

"ముత్యాలన్నా."

గడప దగ్గర మాణిక్యమ్మ నిలబడి ఉంది. తనతో మేనా మోసిన జంగా భార్య. రెండేళ్ళుగా ఆమె ఎదురైతే ముత్యాలు సందు మార్చేవాడు.

"మేనా జూడనిస్తున్నరంటే వచ్చిన. మావోడు ఏ పక్క మోసేటోడే?"

మేనా కర్ర ముందుకొసన కుడివైపు చూపించాడు. ఆమె అక్కడ చెయ్యి వేసి కాసేపు ఉంచింది. చేతినిండా ఎర్రగాజులు.

"పోలీసులు రెండు తాపల ఇల్లంత ఎతికిండ్రు, సంగంల గలిసిండని. నిన్ను ఒక్క మాట అడగాలె. ఆనాడు నాకేమన్న జెప్పమన్నడా?"

"పనున్నది. ఆడ గూసో," అన్నాడు ముత్యాలు. పీచు చేతిలో నలిగిపోయింది.

రెండేళ్ళ కింద, దొరల మీద తిరగబడ్డ సంగపోళ్ళు గడి మీదికి వస్తున్నారని వినగానే పెద్దదొర మేనా ఎక్కి పట్నం బయల్దేరాడు. బోయీలు నలుగురు వెళ్ళి ముగ్గురు తిరిగొచ్చారు. జంగా దారిలో పారిపోయి సంగంలో కలిశాడని దొర చెప్పాడు. జంగాకిచ్చిన ఇనాం చెలకను దొర ముత్యాలుకు రాసిచ్చాడు. రెండు పంటల జొన్నలు తిన్నాడు ముత్యాలు. రొట్టె విరిచిన ప్రతిసారీ జంగా గుర్తొచ్చేవాడు. అయినా తిన్నాడు.

పొద్దెక్కాక కొత్త అధికారి భార్యతో వచ్చాడు. ఇంద్రసేన కత్తులు చూపించి మేనా దగ్గరికి తీసుకొచ్చాడు.

"మా బాపు ఈ మేనాలనే పట్నం పోయిండు సార్. నడుమ దారిల ఒక బోయీ నమ్మకద్రోహం జేసి ఉరికిండు. కడమ ముగ్గురే మోసిండ్రు. ముత్యాలూ, గుండీ తియ్యి."

ముత్యాలు గుండీ తీశాడు. అధికారి భార్య వేలితో కాయను నొక్కింది.

"అమ్మో, చెక్కలా ఉందండీ!"

"ముట్టుకోకు. చర్మరోగమేమో," అన్నాడు అధికారి.

"రోగం గాదు సార్, నౌకరీ," అని ఇంద్రసేన నవ్వాడు. ఆమె వేలును చేతిరుమాలుతో తుడుచుకుని, రుమాలును కొసతో పట్టుకుంది.

ముత్యాలుకు ఆమె మీద కోపం రాలేదు. తన వంటిమీద తనకే రోత పుట్టింది. ఆ కాయ కింద ఉన్నదేమిటో తిరిగొచ్చిన ముగ్గురు బోయీలకూ, దొరకూ తెలుసు. తెలియాల్సిన మనిషి గడప దగ్గర కూర్చుని వింటోంది.

"ఉరకలె," అన్నాడు.

"ఏంది?" అన్నాడు ఇంద్రసేన.

ముత్యాలు అతనివైపు తిరగలేదు. "మాణిక్యమ్మా, జంగా యాడికీ ఉరకలె. జ్వరంతోనే మోసిండు. బొంగులూరు దాటినంక కానుగ చెట్టుకాడ కింద వడ్డడు."

మాణిక్యమ్మ లేచి నిలబడింది. "పాణం ఉండెనా?"

"ఉండె. నీళ్ళడిగిండు. దొర ఆగొద్దన్నడు. మేమాగలె. మల్లొచ్చెటాలకు పాణం పోయింది. మేమే బొంద దీసినం."

అధికారి దుప్పి కొమ్ముల వైపు చూడసాగాడు.

"రెండేండ్లు," అంది మాణిక్యమ్మ. గొంతు పెరగలేదు. "ఉరికినోని పెండ్లామని ఊరంత మూతి దిప్పుతుంటే, మొగడొస్తడని వాకిలి దెరిసి పెట్టుకున్న. దినం గూడ జెయ్యనియ్యకపోతివి గదనే. మా చెలకల జొన్నలు మంచిగ అరిగినయా?"

"అరగలె."

ఆమె అతని భుజం వంక చూసింది. తర్వాత కొంగు నడుముకు చెక్కుకుంది.

"నడువు. గా చెట్టు జూపియ్యి."

"సార్ ఉన్నడు, యాడికిరా?" అన్నాడు ఇంద్రసేన పళ్ళ మధ్య నుంచి. "గడప దాటితే మల్ల రావు. చెలక గూడ ఉండది."

"అది జంగాది, దొరా," అన్నాడు ముత్యాలు. చొక్కా విప్పాడు.

బొంగులూరు దారిలో ఆమె ముందు, బోసి భుజంతో అతను పది అడుగుల వెనక నడిచారు.

మేనా కర్రకు కుడివైపు, జంగా భుజం ఆనే చోట, ఎర్ర బనాతు చొక్కా వేలాడుతోంది. భుజం మీది రెక్క తెరిచే ఉంది.